ముసలి బ్యాట్‌మన్ తుపాకీ ఎందుకు విరగ్గొట్టాడు

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం అనుబంధంలో సూపర్‌హీరోల మీద వచ్చిన వ్యాసం చదివాను. తెలుగు పేపర్లో కామిక్స్‌కి పూర్తి పేజీ ఇవ్వడం చూసి చాలా సంతోషం వేసింది, ముందు ఆ మాట చెప్పాలి. కానీ అందులో ఒక ముక్క దగ్గర ఊరుకోలేకపోయాను, అందుకే ఈ ఉత్తరం. అప్పటిదాకా పిల్లల ఆటబొమ్మలా ఉన్న బ్యాట్‌మన్‌ని 1986లో ఫ్రాంక్ మిల్లర్ వచ్చి 'ది డార్క్ నైట్ రిటర్న్స్' అనే గ్రాఫిక్ నవలలో జాలీ దయా లేని హంతకుడిగా మార్చేసాడు, దాంతో కామిక్స్ పెద్దవాళ్ళవి అయిపోయాయి అని రాశారు. చాలామంది ఇదే మాట అంటుంటారు, వీడియోల్లో కూడా ఇదే వినిపిస్తుంది. కానీ అండీ, ఆ పుస్తకంలో బ్యాట్‌మన్ పట్టుకుని వేలాడేదే చంపకూడదు అన్న ఒట్టుని. చంపాలని చెయ్యి లేచిన ప్రతిసారీ ఆపుకుంటాడు, ఆపుకున్నందుకు ఒళ్ళూ పేరూ రెండూ పోగొట్టుకుంటాడు, కథంతా ఆ నష్టం గురించే.

నేను రాజమండ్రి దగ్గర ఒక హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని. ఈ పుస్తకం నాకు హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పెట్టే పాత పుస్తకాల్లో దొరికింది, అట్ట కొంచెం నలిగింది గానీ లోపల పేజీలన్నీ ఉన్నాయి, అప్పట్నుంచి చాలాసార్లు చదివాను, అందులో బొమ్మలు చూసి గీసుకుంటూ కూడా చదివాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. పొడుగైతే కత్తిరించుకోండి, కానీ బ్యాట్‌మన్ పాత శత్రువు జోకర్ చావు గురించి రాసిన భాగం మాత్రం దయచేసి ఉంచండి.

మొదటి సంగతి, చీకటి అనేది మిల్లర్ బయటినుంచి తెచ్చింది కాదు. 1939 మే నెల పేరుతో వచ్చిన డిటెక్టివ్ కామిక్స్ అనే పత్రిక 27వ సంచికలో ఆరు పేజీల కథతో బ్యాట్‌మన్ మొదటిసారి కనపడ్డాడు, ఆ మొదటి కథలోనే ఒక దుర్మార్గుణ్ణి గుద్దితే వాడు వెళ్ళి యాసిడ్ తొట్టిలో పడి చస్తాడు, ఇలాంటోడికి ఇదే తగిన చావు అని మనవాడు అనేసి వెళ్ళిపోతాడు. తర్వాతి ఏడాది, అంటే 1940లో బ్యాట్‌మన్ పేరుతోనే సొంత పత్రిక మొదలైంది, జోకర్ కూడా అందులోనే పుట్టాడు, ఆ మొదటి సంచికలో బ్యాట్‌మన్ విమానంలోంచి మెషిన్‌గన్‌తో కాలుస్తాడు. అది చూసి ఎడిటర్ విట్నీ ఎల్స్‌వర్త్ ఇంక చాలు, ఇకమీద బ్యాట్‌మన్ మనుషుల్ని చంపకూడదు, తుపాకీ పట్టకూడదు అని రూల్ పెట్టాడు. చిన్నప్పుడు తుపాకీ దెబ్బకి అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న పిల్లాడు పెద్దయ్యాక తుపాకీ ముట్టడు అని మనం గొప్పగా చెప్పుకుంటాం కదా, అది మొదట ఒక ఆఫీసులో పెట్టిన రూల్. పిల్లలు చదివే పత్రిక, పేరు చెడకూడదు అని పెట్టుకున్నది. నలభై ఆరేళ్ళ తర్వాత మిల్లర్ చేసిన పెద్ద పని ఏంటంటే ఆ ఆఫీసు రూల్‌ని తీసుకుని ఒక మనిషి గుండెల్లో ఒట్టుగా పెట్టడం. వ్యాసంలో రావాల్సింది ఈ ముక్క అని నా అభిప్రాయం.

మధ్యలో జరిగింది కూడా చెప్పకపోతే పిల్లల ఆటబొమ్మ ఎలా అయ్యాడో అర్థం కాదు. 1954లో ఫ్రెడ్రిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు కామిక్స్ చదివి పిల్లలు చెడిపోతున్నారని పుస్తకం రాశాడు, బ్యాట్‌మన్‌కీ అతని వెంట ఉండే కుర్రాడు రాబిన్‌కీ మధ్య సంబంధం మీద కూడా నిందలు వేశాడు, అమెరికా సెనేట్ సబ్‌కమిటీ విచారణ పెట్టింది, దాంతో పబ్లిషర్లు భయపడి వాళ్ళకి వాళ్ళే కామిక్స్ కోడ్ అని సెన్సార్ పెట్టుకున్నారు. (2012లో క్యారల్ టిల్లీ అనే పరిశోధకురాలు వెర్థమ్ కాగితాలు తిరగేసి, పిల్లలు చెప్పిన మాటల్ని ఆయన తనకి కావాల్సినట్టు మార్చుకున్నాడని బయటపెట్టింది. అప్పటికి ఆ డాక్టరూ లేడు, ఆయన వల్ల మూతపడ్డ పత్రికలూ లేవు.) ఆ తర్వాత 1966 నుంచి 1968 దాకా ఆడమ్ వెస్ట్ టీవీ సీరియల్, 120 ఎపిసోడ్లు, గుద్దు పడగానే తెర మీద పెద్ద అక్షరాల్లో ధన్ ఢమాల్ అని పడేది. ఆ సీరియల్‌ని నేను తక్కువ చెయ్యను, అమెరికా మొత్తం పిల్లాజెల్లా కూర్చుని చూసేలా చేసింది అది. కాకపోతే చాలామంది మనసుల్లో బ్యాట్‌మన్ అంటే అదే అని ఉండిపోయింది.

మళ్ళీ రాత్రిలోకి తీసుకొచ్చింది కూడా మిల్లర్ కంటే ముందువాళ్ళు. 1970ల మొదట్లో డెన్నిస్ ఓనీల్ రాసి నీల్ ఆడమ్స్ గీసిన కథలు చూడండి, పొడుగు చెవులు, గాలికి లేచే కేప్, పొగమంచు, పాడుబడ్డ బంగళాలు అన్నీ అప్పుడే వచ్చేశాయి. మీ వ్యాసంలో వీళ్ళిద్దరి పేర్లు లేకపోవడం నాకు బాధ కలిగించింది.

ఇంక అసలు పుస్తకానికి వస్తా. 1986లో నాలుగు భాగాలుగా వచ్చింది, ఒక్కోటి 2.95 డాలర్లు, అప్పటి మామూలు కామిక్స్ కంటే చాలా ఎక్కువ రేటు, మంచి కాగితం, పుస్తకంలా కుట్టిన వెన్ను. కథలో బ్రూస్ వేన్‌కి, అంటే ముసుగు వెనకాల ఉన్న బ్యాట్‌మన్‌కి, 55 ఏళ్ళు. వేషం తీసేసి పదేళ్ళయింది. తాగుతున్నాడు, కారు రేసుల్లో చావుకి ఎదురెళ్తున్నాడు, ఆయన ఊరు గోథమ్ ఏమో ఎండలకి ఉడికిపోతోంది, మ్యూటెంట్స్ అనే కుర్రాళ్ళ ముఠా మనుషుల్ని ఊరికే చంపుతోంది. ఒక రాత్రి టీవీలో చిన్నప్పుడు అమ్మానాన్నలతో చూసిన పాత సినిమానే వస్తుంది, ఆయన చానల్ మారుస్తాడు, మళ్ళీ వెనక్కొస్తాడు, అక్కడ మిల్లర్ పేజీని పదహారు చిన్న గళ్ళుగా చేసి చూపిస్తాడు. పిస్టల్ పట్టిన చెయ్యి అమ్మ మెడలో ముత్యాల దండకి తగులుకోవడం, దండ తెగడం, ముత్యాలు ఒక్కొక్కటీ విడిపోవడం, ఒక్కో గడిలో ఒక్కో క్షణం. మాట ఉండదు. బొమ్మలు నేర్పేదాన్ని కాబట్టి చెప్తున్నా, పేజీ అంతా అలా ఇరుకు గళ్ళతో ఊపిరాడకుండా చేసి ఉంచి ఆయన ఒక్కసారి గళ్ళన్నీ తీసేసి పేజీ నిండా ఒకే బొమ్మ వేస్తే చదివేవాడికి ఒళ్ళు జలదరిస్తుంది. వాన మొదలైన రాత్రి ముసలాయన మళ్ళీ బయటికొచ్చిన చోట పనిచేసేది ఈ పద్ధతే. రక్తం వల్ల వచ్చిన భయం కాదు అది, గళ్ళ సైజు వల్ల వచ్చింది.

ఇంకో సంగతి టీవీ. మూలలు గుండ్రంగా ఉన్న బుల్లి గళ్ళలో టీవీ యాంకర్లు, నిపుణులు, రోడ్డు మీద జనం, పుస్తకం పొడుగునా వాదించుకుంటూనే ఉంటారు, బ్యాట్‌మన్ దేవుడని ఒకళ్ళు, ఊరికి పట్టిన జబ్బని ఒకళ్ళు. 1984 డిసెంబర్లో న్యూయార్క్ సబ్‌వే రైల్లో బెర్నార్డ్ గెట్జ్ అనే అతను నలుగురు నల్లజాతి కుర్రాళ్ళని కాలిస్తే ఆ ఊరు ఊరంతా ఇలాగే రెండుగా చీలి అరుచుకుంది, ఈ పేజీలు చదువుతుంటే ఆ రోజులే గుర్తొస్తాయి. వోల్పర్ అని ఒక డాక్టరుంటాడు, అసలు నేరస్తుల్ని తయారుచేసేదే బ్యాట్‌మన్ అని వాదిస్తుంటాడు, జోకర్‌కి నయమైపోయిందని చెప్పి టీవీ షోకి తీసుకెళ్తాడు, ఆ షోలోనే వాడి చేతిలో చస్తాడు. ఆ పాత్ర వెనకాల పాత వెర్థమ్ ఉన్నాడని నాకు అనిపిస్తుంది. చాలా కక్షగా రాసిన పాత్ర అది, డాక్టర్లందరూ మూర్ఖులే అన్నట్టు రాయడం నాకు నచ్చలేదు కూడా.

ఇప్పుడు ఒట్టు సంగతి. ముఠా నాయకుడితో మొదటి గొడవకి బ్యాట్‌మన్ పెద్ద ట్యాంకు లాంటి బండిలో వెళ్తాడు, ముఠా మీద వాడేవి రబ్బరు గుళ్ళు. నాయకుడు ఎదురుగా నిలబడి దిగి రా అంటాడు. అప్పుడు బ్యాట్‌మన్ మనసులో అనుకుంటాడు, వీణ్ణి ఏం చెయ్యాలో తెలివైన దారి ఒక్కటే ఉంది, బటన్ నొక్కి లేకుండా చేసెయ్యడం, కానీ అలా చేస్తే ముప్ఫై ఏళ్ళ కిందట నాకు నేను గీసుకున్న గీత దాటినట్టే అని. నొక్కడు. దిగుతాడు. 55 ఏళ్ళ ఒంటితో, సగం వయసు కూడా లేనివాడితో చేతులతో కొట్లాడి చచ్చేంత దెబ్బలు తింటాడు. బతికాడంటే క్యారీ కెల్లీ అనే పదమూడేళ్ళ పిల్ల వచ్చి అడ్డం పడబట్టి. ఆ పిల్ల సొంత డబ్బులతో రాబిన్ డ్రెస్ కొనుక్కుని చేతిలో పంగలకర్రతో వచ్చేసింది. ఒట్టు కోసం తనూ నష్టపోయి చుట్టుపక్కలవాళ్ళనీ నష్టపెట్టిన ముసలి యోధుడు మనకి కొత్తేం కాదు, భీష్ముడి కథ విని పెరిగినవాళ్ళం కాబట్టి ఈ పుస్తకం మనకి ఇంకా బాగా ఎక్కాలి.

జోకర్ దగ్గరికి వస్తే ఇది ఇంకా కష్టంగా ఉంటుంది. వాడు టీవీ షోలో కూర్చున్న జనాన్నంతా చంపి జాతరలోకి పారిపోయి అక్కడా కాలుస్తుంటాడు. ఇన్నాళ్ళూ వీణ్ణి బతకనిచ్చి వీడి చేతుల్లో పోయినవాళ్ళందర్నీ నేనే చంపాను అని బ్యాట్‌మన్ లోపల లోపల కుమిలిపోతుంటాడు, ఇవాళ ఇది అయిపోవాలి అని బయల్దేరతాడు. చివర్లో జోకర్ మెడ రెండు చేతుల మధ్య దొరుకుతుంది, మెలితిప్పుతాడు, మనిషి కదల్లేకుండా పడిపోయేంత దాకా తిప్పి ఆగిపోతాడు. అంతకు మించి చెయ్యలేకపోయాడు. దానికి జోకర్ నవ్వుతాడు, నీకు ధైర్యం లేదు పో, నేను చస్తే నువ్వే చంపావని అందరూ అంటారు అని మిగతా మెలిక తనే తిప్పుకుని చస్తాడు. అలాగే అవుతుంది. పోలీసులు హత్య కేసు కూడా కలుపుకుని వేటాడతారు, టీవీలన్నీ హంతకుడు అంటాయి. ఎడిటర్ గారూ, మీ వ్యాసంలో కూడా అదే మాట పడింది చూశారా, కథలో గోథమ్ పోలీసులు చేసిన పొరపాటే అది. ఒట్టు నిలబెట్టుకున్నాడు, ఎవరూ నమ్మలేదు. ఇంతకంటే చీకటి ఏముంటుందండీ ఒక సూపర్‌హీరోకి.

చివరి భాగంలో అణుబాంబు దెబ్బకి ఊళ్ళో కరెంటు మొత్తం పోతుంది, తర్వాత రెండో గొడవలో బ్యాట్‌మన్ చేతిలో ఓడిపోయిన ముఠా కుర్రాళ్ళు ఇప్పుడు బ్యాట్‌మన్ కొడుకులం అని పేరు పెట్టుకుని తుపాకులతో దొరికినవాళ్ళకి శిక్షలు వేద్దామని బయల్దేరతారు. ఆయన గుర్రమెక్కి వస్తాడు, వాళ్ళ చేతిలో తుపాకీ లాక్కుని అందరి ముందూ రెండు ముక్కలు చేస్తాడు, ఇది శత్రువు ఆయుధం, మనకి అక్కర్లేదు అంటాడు. పుస్తకం మొత్తంలో నాకు బాగా ఇష్టమైన బొమ్మ అది. 1940లో ఎడిటర్ పెట్టిన రూల్ అక్కడికి వచ్చేసరికి ఒక మనిషి నోట్లో ఎంత బరువుగా వినిపిస్తుందో చూడండి.

అలాగని పుస్తకాన్ని నెత్తిన పెట్టుకోమని నేను అనట్లేదు. పసిపాపకి తుపాకీ గురిపెట్టిన ముఠావాడి విషయంలో ఏం జరిగిందో మిల్లర్ తేల్చి చూపించలేదు, చంపాడా లేదా అని చదివేవాళ్ళు ఇప్పటికీ కొట్టుకుంటారు. చట్టం పక్కన పెట్టి బలమున్నవాడు ఊరిని దారిలో పెట్టడం అనే ఆలోచన మీద చాలామంది విమర్శకులు గట్టిగా తిట్టారు, వాళ్ళ మాటలో న్యాయం ఉంది, గుర్రం మీద నాయకుడు వెనకాల కుర్రాళ్ళ దండు అంటే నాకూ ఇబ్బందిగానే ఉంటుంది. క్యాట్‌వుమన్‌గా ఒకప్పుడు అంత దర్జాగా ఉన్న సెలీనాని జోకర్ చేతిలో దెబ్బలు తిని కట్టేసి పడున్న స్థితిలో చూపించడం అన్యాయం. కానీ అదే పుస్తకంలో క్యారీ ఉంది, కొత్త కమిషనర్ ఎల్లెన్ యిండెల్ ఉంది, బ్యాట్‌మన్‌ని పట్టుకోవాలని వారంట్ ఇచ్చేది ఆవిడే, ఆవిడ పిచ్చిది కాదు, చట్టం వైపు నిలబడ్డ మనిషి. సూపర్‌మన్‌ని చూడండి, ఆయనా మంచివాడే, కానీ ప్రభుత్వం ఏం చెప్తే అది చేస్తూ యుద్ధాలకి వెళ్తుంటాడు. సొంత ఒట్టుకి కట్టుబడ్డవాడు ఒకడు, పైవాళ్ళ ఆజ్ఞకి కట్టుబడ్డవాడు ఒకడు, ఆఖర్న ఇద్దరూ కొట్లాడే చోటు బ్రూస్ అమ్మానాన్నలు పోయిన సందు.

తర్వాత వచ్చినవాళ్ళు దీన్నుంచి ఏం తీసుకున్నారో చూస్తే దిగులేస్తుంది. 1988లో వేరే బ్యాట్‌మన్ కథలో, అప్పటి రాబిన్ అయిన కుర్రాడు బతకాలా చావాలా అని పాఠకుల్ని ఫోన్ చేసి ఓటెయ్యమన్నారు, చావాలని 5,343, బతకాలని 5,271. చంపేశారు. ఒక పిల్లాడి పాత్ర చావుని అలా అమ్మడం నాకిప్పటికీ మింగుడు పడదు. అదే ఏడాది వచ్చిన జోకర్ కథలో పోలీస్ కమిషనర్ కూతురు బార్బరా గోర్డన్‌ని కాల్చి చక్రాల కుర్చీలో కూలబడేశారు, అది రాసిన అలన్ మూర్ తర్వాత దాన్ని తనకి నచ్చని పనుల్లో లెక్కేశాడు. 2016లో బ్యాట్‌మన్, సూపర్‌మన్ కొట్టుకునే సినిమా వచ్చింది కదా, మన పిల్లలు తెలుగు డబ్బింగ్‌లో చూసిందే, అందులో ఈ పుస్తకంలోని ఇనప సూటు తీసుకున్నారు, ఆ పోట్లాట తీసుకున్నారు, ఒట్టు ఒక్కటీ వదిలేశారు, బండికి నిజం తుపాకులు పెట్టి మనుషుల్ని చంపించారు. మా క్లాసులో డార్క్ హీరోని గీయండ్రా అంటే పిల్లలు నల్ల స్కెచ్ తీసి కోపం మొహం వేసి చుట్టూ ఎర్ర చుక్కలు పెడతారు, వాళ్ళ తప్పేముంది, వాళ్ళకి చూపించింది అదే. అందుకే మీ పేపర్ లాంటిది అది హంతకుడి కథ అని రాస్తే నాకు అంత బాధ.

ఇంకొక్క విన్నపం. వ్యాసం పక్కన వేసిన పేజీ బొమ్మ కింద ఫ్రాంక్ మిల్లర్ అని ఒక్క పేరే పడింది. ఆ బొమ్మకి ఇంకు వేసింది క్లాస్ జాన్సన్, రంగులు వేసింది లిన్ వార్లీ. ఆ దుమ్ము పట్టిన బూడిద రంగు ఊరు, టీవీ గళ్ళలో వెలిసిపోయిన రంగులు, వాటి మధ్య క్యారీ ఎర్ర చొక్కా పసుపు కేప్ వేసుకుని దూకితే కళ్ళు అటే పోవడం, అదంతా వార్లీ చెయ్యి. నల్ల సిరాతో పుస్తకం మొత్తం నింపేస్తే ఆ ఎరుపుకి అంత విలువ ఉండేదే కాదు. బ్యాట్‌మన్ చరిత్రలో ఇలా పేరు పోగొట్టుకున్నవాళ్ళు ముందే ఉన్నారు, కేప్, చెవులున్న ముసుగు, బూడిద రంగు డ్రెస్ అన్నీ చెప్పిన బిల్ ఫింగర్ 1974లో పోతే, సృష్టికర్తల్లో ఆయన పేరు బాబ్ కేన్ పక్కన అధికారికంగా పడింది 2015లో. కాబట్టి వచ్చే ఆదివారం సవరణ వేసేటప్పుడు జాన్సన్, వార్లీ పేర్లు కూడా వెయ్యండి. ఈ పుస్తకం చిన్నపిల్లలకి కాదు, పదో తరగతి దాటినవాళ్ళకైతే పర్వాలేదు అన్న ముక్క కూడా అక్కడే వేస్తే మంచిది, సూపర్‌హీరో బొమ్మ చూసి ఆరో తరగతి పిల్లాడికి కొనిచ్చే తల్లిదండ్రులు ఉంటారు.

ఇట్లు,
ఒక డ్రాయింగ్ టీచర్,
రాజమహేంద్రవరం